వాపు కీలులో, మూలం శోషరస గ్రంథిలో: ప్రయోగాత్మక కీళ్లవాతంలో రోగనిరోధక కణాల నడక

ఔషధ మొక్కలపై వెలువడే పరిశోధన వ్యాసాలు చదివేవారికి ఒక రేఖాచిత్రం సుపరిచితం. అడ్డంగా రోజులు, నిలువుగా ఎలుక పాదం మందం మిల్లీమీటర్లలో ఉంటాయి. పై గీత ఏ మందూ ఇవ్వని ఎలుకలది. కింది గీత ఏదో ఒక ఆకు సారాన్నో, వేరు కషాయాన్నో తాగించిన ఎలుకలది. రెండు గీతల మధ్య చెప్పుకోదగిన దూరం కనిపిస్తే ఆ మొక్కకు కీళ్లవాతాన్ని తగ్గించే గుణం ఉన్నదన్న నిర్ణయం వెలువడుతుంది. ఆ నిర్ణయం సిద్ధాంత గ్రంథం నుంచి కరపత్రానికి, కరపత్రం నుంచి రైతు శిక్షణ శిబిరానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. నల్లేరు, వావిలి, అశ్వగంధ, పసుపు, శొంఠి వంటి వాటి సాగు గురించి మాట్లాడే విస్తరణ శాస్త్రవేత్తను సభలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "ఇది మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందట కదండీ?"

ఆ రెండు గీతల మధ్య దూరం అబద్ధమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కొలత సరిగానే తీసి ఉండవచ్చు. అయితే ఆ చిత్రంలో సాధారణంగా గుర్తించని ఒక విషయం ఉంది. మందు ఏ రోజున మొదలైంది, ఆ రోజున వ్యాధి ఎలుక శరీరంలో ఏ అవయవంలో ఉంది అన్నదే ఆ విషయం. ప్రయోగశాలలో కలిగించే కీళ్లవాతం కీలులో పుట్టదు. అది శోషరస గ్రంథుల్లో, ప్లీహంలో రూపుదిద్దుకొని రెండు మూడు వారాల తరువాత కీలుకు చేరుతుంది. మొదటి మజిలీలో దానిని ఆపగల పదార్థం వేరు, చివరి మజిలీలో ఆపగల పదార్థం వేరు. పాదం మందం ఒక్కటే కొలిచినప్పుడు ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి.

వ్యాధిని కలిగించే పద్ధతులు

పశువైద్య విద్యార్థులకు అడ్జువెంట్ అన్న మాట కొత్త కాదు. పశువులకు గొంతువాపు వ్యాధి రాకుండా వేసే నూనె టీకాలో ఉండేది అదే కోవకు చెందిన పదార్థం. టీకాలోని ప్రతిజనకాన్ని అది ఇంజెక్షన్ వేసిన చోట నిలిపి ఉంచి, రోగనిరోధక స్పందనను బలపరుస్తుంది. జూల్స్ ఫ్రాయండ్ పేరుతో ప్రసిద్ధమైన పూర్ణ అడ్జువెంట్‌లో నూనెతోపాటు వేడితో చంపిన క్షయ జాతి బాక్టీరియా కూడా ఉంటుంది. టీకాకు పనికిరానంత తీవ్రమైన స్పందన కలిగించే ఈ మిశ్రమం ప్రయోగశాలలకే పరిమితమైంది. 1956లో కార్ల్ పియర్సన్ ఈ మిశ్రమం ఇచ్చిన ఎలుకల్లో, సుమారు పది పన్నెండు రోజుల తరువాత, ఇంజెక్షన్ పడని కాళ్ల కీళ్లు సైతం వాయడాన్ని వివరించారు. అడ్జువెంట్ కీళ్లవాతం అన్న నమూనా అలా స్థిరపడింది. మన దేశంలో మొక్కల సారాలను పరీక్షించే ప్రయోగశాలల్లో నేటికీ ఎక్కువగా వాడేది దీనినే. ఇది చవక, త్వరగా ఫలితం ఇస్తుంది, ప్రత్యేకమైన ప్రోటీన్ కొనవలసిన పని లేదు.

ఇక్కడే ఒక పొరపాటుకు తావుంది. మిశ్రమాన్ని పాదంలోకి ఎక్కించినప్పుడు ఆ పాదం ఒకటి రెండు రోజుల్లోనే వాస్తుంది. అది నూనెకూ బాక్టీరియాకూ అక్కడికక్కడే కలిగే స్పందన, స్వయం ప్రతిరక్షక వ్యాధి కాదు. అసలు వ్యాధి రెండో వారంలో ఎదుటి కాలిలో, ముందు కాళ్లలో, తోకలో కనిపిస్తుంది. ఇంజెక్షన్ పడిన పాదాన్ని మాత్రమే కొలిచి కీళ్లవాతం తగ్గిందని రాసిన వ్యాసాలు తక్కువేమీ కాదు. అవి చాలావరకు కొలిచినది ఒక గాయం వాపును.

రెండో నమూనాలో మన పశుసంపదకు కూడా కొంత పాత్ర ఉంది. 1977లో ట్రెంథమ్, టౌన్స్, కాంగ్ అనే పరిశోధకులు మృదులాస్థిలో ప్రధానంగా ఉండే టైప్ 2 కొల్లాజెన్‌ను నూనె అడ్జువెంట్‌లో కలిపి ఎలుకలకు ఇచ్చినప్పుడు కీళ్లవాతం వస్తుందని చూపించారు. చర్మంలో, ఇతర కణజాలాల్లో ఉండే టైప్ 1, టైప్ 3 కొల్లాజెన్‌లతో వ్యాధి రాలేదు. సహజ రూపం చెదిరిన టైప్ 2 కొల్లాజెన్‌తో కూడా రాలేదు. 1980లో అదే వ్యాధిని చిట్టెలుకల్లో కూడా కలిగించగలిగారు. దీనికి వాడే కొల్లాజెన్ సాధారణంగా పశువుల మృదులాస్థి నుంచో, కోడి రొమ్ము ఎముక మృదులాస్థి నుంచో తీసినది. మాంసశాలలో పారవేసే భాగమే ప్రయోగశాలలో మైక్రోగ్రాముల లెక్కన తూచే ప్రతిజనకం అవుతుంది. పశువు కొల్లాజెన్, కోడి కొల్లాజెన్, చిట్టెలుక కొల్లాజెన్ ఒకదానికొకటి ఎంతో దగ్గరి పోలిక కలవి. పరాయి కొల్లాజెన్ మీద మొదలైన దాడి సొంత కీలు మీదకు మళ్లడానికి ఆ పోలికే కారణం.

అన్ని జాతుల చిట్టెలుకలకు ఈ వ్యాధి ఒకే తీరున రాదు. హెచ్-2 క్యూ అనే జన్యు రకం గల డి.బి.ఎ./1 వంటి జాతులకు తేలికగా వస్తుంది. కొల్లాజెన్ ముక్కలను టి కణాలకు చూపించే అణువుల ఆకృతిని ఆ జన్యువులు నిర్ణయిస్తాయి. మనుషుల్లో రుమటాయిడ్ కీళ్లవాతం ముప్పు కూడా కొన్ని హెచ్‌ఎల్‌ఏ జన్యు రకాలతో ముడిపడి ఉండటం ఈ నమూనాకు విలువ పెంచింది.

వాపు లేని మూడు వారాలు

కొల్లాజెన్ మిశ్రమాన్ని చిట్టెలుక తోక మొదట్లో, చర్మంలోకి ఎక్కిస్తారు. సుమారు 21వ రోజున రెండో మోతాదు ఇస్తారు. కాళ్లు వాయడం ఎక్కువగా నాలుగో వారం నుంచి కనిపిస్తుంది. అంతవరకు చిట్టెలుక మామూలుగానే తిరుగుతుంది, తింటుంది, కీలు కొలత మారదు. అజాగ్రత్తగా చూసేవారు ఏమీ జరగడం లేదనుకుంటారు. కాని వ్యాధి చరిత్రలో ఎక్కువ భాగం ఈ నిశ్శబ్దంలోనే నడుస్తుంది.

ఇంజెక్షన్ వేసిన చోట చేరిన డెండ్రైటిక్ కణాలు కొల్లాజెన్‌ను మింగి, ముక్కలు చేసి, శోషరస నాళాల ద్వారా గజ్జల్లోని గ్రంథులకు చేరతాయి. మందును పాదంలో వేసి ఉంటే మోకాలి వెనుకనున్న గ్రంథికి చేరతాయి. అక్కడ గుండా నిత్యం ప్రయాణించే లక్షలాది టి కణాల్లో ఆ ముక్కను గుర్తించగలిగినవి కొన్నే. ఆ కొన్ని కణాలు అక్కడే ఆగి విభజన చెందడం మొదలుపెడతాయి. అడ్జువెంట్‌లోని బాక్టీరియా కలిగించిన సంకేతాలు వాటిని ఏ తరహా కణాలుగా మారాలో నిర్దేశిస్తాయి. కొన్ని ఇంటర్‌ఫెరాన్-గామాను స్రవించేవిగా, మరికొన్ని ఇంటర్‌ల్యూకిన్-17ను స్రవించేవిగా మారతాయి. ఇంకొన్ని గ్రంథిలోని బి కణాల నివాసానికి తరలి, వాటికి సహాయకాలుగా స్థిరపడతాయి. గ్రంథి పరిమాణం కంటికి తెలిసేంతగా పెరుగుతుంది. శవపరీక్ష చేసే విద్యార్థి చేతికి మామూలుగా కందిగింజ కంటె చిన్నదిగా దొరికే గ్రంథి ఇప్పుడు వెతకకుండానే కనిపిస్తుంది.

బి కణాల భాగం పౌల్ట్రీ విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. ఆ అక్షరం కోడి బర్సా నుంచి వచ్చింది. గంబోరో వ్యాధిలో దెబ్బతినే ఆ అవయవం ఎందుకున్నదో చాలా కాలం ఎవరికీ తెలియదు. 1950లలో ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయంలో తరగతి ప్రదర్శన కోసం సాల్మొనెల్లా ప్రతిజనకం ఇచ్చిన కొన్ని కోళ్లలో ప్రతిరక్షకాలు తయారు కాలేదు. వెనక్కి చూస్తే అవి అంతకు ముందు బ్రూస్ గ్లిక్ తన ప్రయోగాల కోసం బర్సా తొలగించిన కోళ్లు. 1956లో ఆ పరిశీలన ఒక పౌల్ట్రీ పత్రికలో అచ్చయింది. వైద్యరంగం దాని ప్రాముఖ్యాన్ని గ్రహించడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. మన విశ్వవిద్యాలయాల్లాంటి చోటనే, ఒక తరగతి గది వైఫల్యం నుంచి, ప్రతిరక్షకాలను తయారుచేసే కణాల కథ మొదలైంది.

ప్రయోగాత్మక కీళ్లవాతానికి తిరిగి వద్దాం. ఇంజెక్షన్ తరువాత వారం పది రోజులకు గ్రంథిలోని బి కణాల గుంపుల నడుమ బీజ కేంద్రాలు ఏర్పడతాయి. అక్కడ బి కణాలు తమ ప్రతిరక్షక జన్యువులను మార్చుకుంటూ, కొల్లాజెన్‌కు మరింత గట్టిగా అంటుకొనే రకాలుగా ఎంపికవుతాయి. చివరికి ప్లాస్మా కణాలుగా మారి గ్రంథిలో, ప్లీహంలో, అస్థిమజ్జలో స్థిరపడి కొల్లాజెన్ వ్యతిరేక ప్రతిరక్షకాలను రక్తంలోకి వదులుతాయి. బి కణాలు లేకుండా పెంచిన చిట్టెలుకలకు టి కణాల స్పందన ఉన్నప్పటికీ కొల్లాజెన్ కీళ్లవాతం రాకపోవడం ఈ దశ ఎంత కీలకమో చెబుతుంది.

అడ్జువెంట్ నమూనాలో ప్రాధాన్యం ఇంకొక వైపుకు ఒరుగుతుంది. 1964లో పియర్సన్, వుడ్ వ్యాధి కలిగించిన ఎలుకల శోషరస గ్రంథి కణాలను, ప్లీహ కణాలను అదే జాతికి చెందిన ఆరోగ్యవంతమైన ఎలుకలకు ఎక్కించి వాటికి కీళ్లవాతం తెప్పించగలిగారు. వ్యాధి గ్రంథిలో ఉన్న కణాలతోపాటు ఒక శరీరం నుంచి మరొక శరీరానికి మారిందన్న మాట. కీలు నుంచి ఏమీ తీసుకోలేదు. ఇంతకంటె స్పష్టంగా చెప్పే ప్రయోగం అరుదు.

కీలు లోపల

ఆరోగ్యవంతమైన కీలులో రోగనిరోధక కణాలు చాలా తక్కువ. కీలు లోపలి గోడను కప్పే సైనోవియల్ పొరలో కొన్ని భక్షక కణాలు మాత్రం శాశ్వత నివాసులు. ఇవి శత్రువుకు తలుపులు తీసేవని చాలాకాలం అనుకున్నారు. 2019లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధన వీటిలో ఒక వర్గం ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని, కీలు కుహరానికి గోడలా పనిచేస్తుందని, శోథ మొదలైనప్పుడు ఆ గోడ చెదురుతుందని చూపింది. కాబట్టి భక్షక కణాలన్నీ హానికరమని ఒకే గంపలో వేయడం ఇక సాధ్యం కాదు. రక్తం నుంచి కొత్తగా వచ్చి చేరే మోనోసైట్లు వేరు, గోడ కాపలా కాసే స్థానిక కణాలు వేరు.

కొల్లాజెన్ నమూనాలో రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు మృదులాస్థి ఉపరితలానికి అంటుకుంటాయి. దానితో కాంప్లిమెంట్ వ్యవస్థ మేల్కొంటుంది, దాని నుంచి విడివడే ముక్కలు న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తాయి. అవి గంటల వ్యవధిలో పెద్ద సంఖ్యలో కీలులోకి వచ్చి పడతాయి. వెనుకనే మోనోసైట్లు వస్తాయి. భక్షక కణాలు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తాయి. పొరలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు ఉబ్బి, పెరిగి, మృదులాస్థిని కొరికే ఎంజైములను స్రవిస్తాయి. మోనోసైట్ల వంశానికే చెందిన ఆస్టియోక్లాస్ట్ కణాలు ఎముక అంచులను కరిగిస్తాయి. వాపు తగ్గవచ్చు, కాని కరిగిన ఎముక పూర్వరూపానికి రాదు. పాదం మందం మామూలుకు వచ్చిన చిట్టెలుక కీలును సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు అక్కడ అరిగిపోయిన ఎముక కనిపించడం ఈ రంగంలో పనిచేసినవారికి కొత్త కాదు.

కీలులో జరిగే ఈ దశకు టి కణాలు, బి కణాలు ఎంతవరకు కావాలి? కె/బి.ఎక్స్.ఎన్. అనే జాతి చిట్టెలుకలు దీనికి కచ్చితమైన సమాధానం ఇచ్చాయి. వాటికి పుట్టుకతో వచ్చిన జన్యు కలయిక వల్ల, ఏ ఇంజెక్షనూ లేకుండా, కొన్ని వారాల వయసులోనే కీళ్లవాతం వస్తుంది. వాటి రక్తరసంలోని ప్రతిరక్షకాలు, శరీరంలోని ప్రతి కణంలోనూ ఉండే ఒక సాధారణ ఎంజైమును లక్ష్యం చేసుకుంటాయని 1999లో తేలింది. ఆ రక్తరసాన్ని టి కణాలు గాని, బి కణాలు గాని లేని చిట్టెలుకకు ఎక్కించినా కొద్ది రోజుల్లో కీళ్లు వాస్తాయి. న్యూట్రోఫిల్స్‌ను ముందుగా తొలగిస్తే వాయవు. అంటే శోషరస అవయవాల పని పూర్తయి ప్రతిరక్షకాలు చేతికి అందిన తరువాత, కీలులోని విధ్వంసాన్ని న్యూట్రోఫిల్స్, భక్షక కణాలు తమంతట తామే నడిపించగలవు.

మనుషుల కీలు ఇందుకు పూర్తి నకలు కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. చిట్టెలుక కీలులో న్యూట్రోఫిల్స్‌దే ఆధిక్యం. రుమటాయిడ్ రోగి సైనోవియల్ పొరలో టి కణాలు, బి కణాలు, ప్లాస్మా కణాలు గుంపులుగా స్థిరపడి ఉంటాయి. కొందరిలో ఆ గుంపులు చిన్న శోషరస గ్రంథుల్లాగే కనిపిస్తాయి. చిట్టెలుకలో వ్యాధి వారాల్లో ముగుస్తుంది, మనిషిలో సంవత్సరాల తరబడి సాగుతుంది.

మందు మొదలైన రోజు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఒకే నమూనాలో రెండు మందుల చరిత్రను పక్కపక్కన పెట్టి చూద్దాం.

టి కణాల్లో సహాయక వర్గాన్ని గుర్తించే సి.డి.4 అణువుకు వ్యతిరేకంగా తయారు చేసిన ప్రతిరక్షకాన్ని 1980లలో కొల్లాజెన్ కీళ్లవాతంలో పరీక్షించారు. కొల్లాజెన్ ఇంజెక్షన్ సమయంలోనే ఇచ్చినప్పుడు వ్యాధి రాకుండా ఆగింది. కాళ్లు వాచిన తరువాత ఇచ్చినప్పుడు చెప్పుకోదగిన ఫలితం లేదు. పైన చెప్పిన క్రమం తెలిసినవారికి ఇందులో వింత లేదు. గ్రంథిలో టి కణాలు తమ పని ముగించిన తరువాత వాటిని తొలగించి ప్రయోజనమేమి? అయినా సి.డి.4 కణాలను తొలగించే మందులు 1990లలో రుమటాయిడ్ రోగుల వరకు వెళ్లాయి. నియంత్రిత పరీక్షల్లో అవి నిరాశపరిచాయి. రోగి వైద్యుని వద్దకు వచ్చేది కీళ్లు వాచిన తరువాతనే కదా.

టి.ఎన్.ఎఫ్. కథ దీనికి భిన్నం. 1992లో రిచర్డ్ విలియమ్స్, మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో జన్మించిన రవీందర్ మైనీ కలిసి ప్రచురించిన వ్యాసంలో, టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకొనే ప్రతిరక్షకం కాళ్లు వాచిన తరువాత ఇచ్చినా వాపును, కీలు నష్టాన్ని తగ్గించిందని చూపారు. అది కీలు దశ మీద పనిచేసే మందు. అదే ఏడాది లండన్‌లోని ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో రోగుల మీద తొలి పరీక్ష మొదలైంది. ఆ దశాబ్దం ముగిసేనాటికి ఆ తరహా మందులు వైద్యంలోకి వచ్చాయి, 2003లో మైనీకి, ఫెల్డ్‌మన్‌కు లాస్కర్ పురస్కారం లభించింది. ఈ మందులతో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబడే ప్రమాదం ఉన్నందున, ముందుగా క్షయ పరీక్ష చేయడం మన దేశంలో మరీ ముఖ్యం. కణికల్లో క్షయ బాక్టీరియాను బంధించి ఉంచే భక్షక కణాలకు కూడా టి.ఎన్.ఎఫ్. అవసరమే.

కోడి కొల్లాజెన్‌కు సంబంధించి మరో ఉదాహరణ ఉంది. టైప్ 2 కొల్లాజెన్‌ను నోటి ద్వారా ముందుగా తినిపించిన జంతువులకు, ఆ తరువాత అదే కొల్లాజెన్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చినా వ్యాధి రాకపోవడమో, తక్కువగా రావడమో జరిగింది. పేగులోని శోషరస కణజాలం ఆహారంగా వచ్చిన ప్రోటీన్‌ను సహించడం నేర్పుతుంది. 1993లో ట్రెంథమ్ బృందం కోడి కొల్లాజెన్‌ను 60 మంది రుమటాయిడ్ రోగులకు మూడు నెలలపాటు ఇచ్చి మెరుగుదల కనిపించిందని ప్రకటించింది. తరువాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు. నేడు కోడి మృదులాస్థి కొల్లాజెన్ ఆహార అనుబంధంగా దుకాణాల్లో దొరుకుతుంది గాని రుమటాయిడ్ వ్యాధికి ప్రామాణిక చికిత్స కాలేదు. ముందే సహనం నేర్పడం ఒక పని, ఇప్పటికే దాడి నేర్చిన కణాలను వెనక్కి మళ్లించడం మరొక పని.

ఇంటర్‌ల్యూకిన్-17 ఇంకా చిక్కైన పాఠం. ఆ ప్రోటీన్ లేని చిట్టెలుకల్లో కొల్లాజెన్ కీళ్లవాతం బాగా తగ్గింది. దానిని అడ్డుకొనే మందులు సోరియాసిస్‌లో, వెన్నెముక కీళ్లవాతంలో ఎంతో ప్రయోజనకరంగా నిలిచాయి. రుమటాయిడ్ వ్యాధిలో మాత్రం ఆశించినంత ఫలితం రాలేదు. చిట్టెలుక చూపిన దారి తప్పు కాదు, అది మరో వ్యాధి ఇంటికి తీసుకుపోయింది.

మొక్కల సారాలకు వచ్చేసరికి, చాలా ప్రయోగాల్లో మందు ఇంజెక్షన్ రోజునే, లేదా అంతకు వారం ముందే మొదలవుతుంది. అటువంటి ప్రయోగంలో వాపు తగ్గితే దానికి కనీసం మూడు అర్థాలు ఉంటాయి. సారం గ్రంథిలో టి కణాల విభజనను అణచి ఉండవచ్చు. ప్రతిరక్షకాల ఉత్పత్తిని తగ్గించి ఉండవచ్చు. లేదా కీలులో న్యూట్రోఫిల్స్ రాకను ఆపి ఉండవచ్చు. నాలుగోది కూడా ఉంది, దానిని ఎవరూ రాయరు: సారం విషపూరితమై ఎలుక తిండి మానేసి, బరువు తగ్గి, మొత్తం రోగనిరోధక స్పందనే నీరసించి ఉండవచ్చు. శరీరపు బరువు పట్టిక లేని వ్యాసాన్ని అనుమానంతోనే చదవాలి.

లెక్కించడంలో మెలకువలు

ఈ మధ్య మన సంస్థల్లో కూడా ఫ్లో సైటోమెట్రీ అందుబాటులోకి వచ్చింది. ఒక్కొక్క కణాన్ని లేజర్ ముందు నడిపించి, దాని మీది గుర్తులను బట్టి వర్గీకరించే ఈ పద్ధతి గ్రంథిని, ప్లీహాన్ని, కీలును విడివిడిగా చూడటానికి వీలు కల్పిస్తుంది. దానితోపాటు కొత్త పొరపాట్లను కూడా తెచ్చింది.

మొదటిది శాతాల మోసం. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక గ్రంథిలో 10 లక్షల కణాలు ఉండి, అందులో 40 శాతం సహాయక టి కణాలైతే వాటి సంఖ్య 4 లక్షలు. వ్యాధిలో గ్రంథి 50 లక్షల కణాలకు పెరిగి, బి కణాలు బాగా పెరిగినందున టి కణాల వాటా 30 శాతానికి పడిపోయిందనుకుందాం. సంఖ్య 15 లక్షలు. శాతం చూసినవారు టి కణాలు తగ్గాయని రాస్తారు, నిజానికి అవి దాదాపు నాలుగింతలు అయ్యాయి. ప్రతి అవయవానికి మొత్తం కణాల సంఖ్య ఇవ్వకుండా శాతాలు మాత్రమే ఇచ్చే పట్టికకు విలువ తక్కువ.

రెండోది ప్లీహం బరువు. ప్లీహ సూచిక పెరిగితే లింఫోసైట్లు పెరిగాయని, తగ్గితే మందు రోగనిరోధక స్పందనను అణచిందని రాయడం అలవాటుగా మారింది. చిట్టెలుక ప్లీహం పెద్దయ్యాక కూడా రక్తకణాలను తయారు చేయగలదు. అడ్జువెంట్‌లోని బాక్టీరియా ప్రభావంతో అక్కడ పెరిగేది చాలాసార్లు న్యూట్రోఫిల్స్, మోనోసైట్ల పూర్వకణాలు. థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం మరో తరహా సందిగ్ధం. నొప్పి, ఒత్తిడి వల్ల అడ్రినల్ గ్రంథి స్రవించే హార్మోన్లు థైమస్‌లోని లేత కణాలను చంపుతాయి. అక్కడ మనం కొలిచేది కీళ్లవాతాన్నా, ఎలుక పడిన బాధనా అన్నది తేల్చుకోవాలి.

మూడోది కీలును కోసే చేయి. చీలమండ కీలు నుంచి కణాలు తీయడానికి చర్మాన్ని, కండరాన్ని తొలగించి, కొల్లాజినేజ్ ఎంజైములో నానబెడతారు. ఆ క్రమంలో ఎముక ఒక్కచోట విరిగినా అస్థిమజ్జ బయటకు వస్తుంది. మజ్జ నిండా న్యూట్రోఫిల్స్, మోనోసైట్ల పూర్వకణాలే. అవి కీలు కణాలతో కలిసిపోయాక వేరుచేయడం ఎవరి తరమూ కాదు. ఆరోగ్యవంతమైన కీలులో కూడా వేలకు వేల న్యూట్రోఫిల్స్ కనిపిస్తే సందేహించవలసింది వ్యాధిని కాదు, కత్తెరను. ఎంజైము నాణ్యత కూడా చూసుకోవాలి. కొన్ని ఎంజైముల్లో ఉండే ఇతర ప్రోటీయేజ్‌లు కణాల మీది గుర్తులను కోసివేస్తాయి. గ్రంథి కణాలను కూడా అదే ఎంజైములో అంతే సేపు నానబెట్టి పోల్చడం మంచి అలవాటు.

పాదంలో పూర్ణ అడ్జువెంట్ ఇవ్వడం జంతువుకు తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది. తోక మొదట్లో ఇస్తే నడక, మేత పాడుకాకుండా కీళ్లవాతం వస్తుంది, స్థానిక వాపు పాదం కొలతలో కలవదు. నైతిక సంఘం అడిగే మార్పు శాస్త్రానికి కూడా మేలు చేసే సందర్భాల్లో ఇది ఒకటి.

సభలో అడిగే ప్రశ్నకు

విస్తరణ శాస్త్రవేత్తకు ఇదంతా ఎందుకు? మోకాలు చూపించి అడిగే రైతుకు ఉన్నది ఏ వ్యాధి అన్నది మొదటి సంగతి. వయసు మీరినవారిలో ఎక్కువగా కనిపించేది కీలు అరుగుదల. దానికీ గ్రంథిలో పుట్టే ఈ నమూనాకూ దగ్గరి సంబంధం లేదు. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీరు తాగినవారి కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడం వేరే కథ. 2005-06లో తెలుగు నేలను కుదిపిన చికున్‌గున్యా తరువాత నెలల తరబడి కీళ్ల నొప్పులు అనుభవించినవారు ఎందరో ఉన్నారు, అది వైరస్ తెచ్చినది. లేగదూడకు బొడ్డు ద్వారా సోకే కీళ్ల వాపు, కోళ్లలో మైకోప్లాస్మా సినోవియే, రియోవైరస్ కలిగించే కాళ్ల వాపు అంటువ్యాధులు. వాటికి కావలసింది శుభ్రత, టీకా, సరైన చికిత్స. ఎలుక పాదం గీత వీటిలో దేని గురించీ ఏమీ చెప్పదు.

మిగిలేది రుమటాయిడ్ కీళ్లవాతం. ఇది వయోజనుల్లో వందకు ఒకరికి అటూ ఇటుగా వస్తుంది, పురుషుల కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఉదయం లేవగానే వేళ్ల కణుపులు, మణికట్లు గంటకు మించి బిగుసుకొని ఉండటం, రెండు చేతుల్లోనూ ఒకే విధంగా వాయడం దీని లక్షణాలు. చాలామంది రోగుల రక్తంలో ఈ వ్యాధి ప్రతిరక్షకాలు కీలు వాయడానికి కొన్ని సంవత్సరాల ముందే ఉంటాయి. చిట్టెలుకలో మూడు వారాలు నడిచిన నిశ్శబ్దం మనిషిలో అంత కాలం సాగుతుందన్న మాట. లక్షణాలు కనిపించిన తొలి నెలల్లో మెథోట్రెక్సేట్ వంటి మందు మొదలుపెట్టినవారి కీళ్లు నిలుస్తాయి. ఏదో ఒక ఆకు రసంతో ఏడాది గడిపి వచ్చినవారి వేళ్ల ఎముకలు అప్పటికే కరిగి ఉండవచ్చు. వైద్యుడు ఇచ్చిన మందు మానేసి సారం తాగమని మన కరపత్రం ఏ మూలనైనా సూచిస్తున్నట్టయితే, ఆ వాక్యాన్ని ముద్రణకు ముందే తొలగించాలి.

ఔషధ మొక్కల పరిశోధన మానుకోవాలని దీని అర్థం కాదు. కీళ్లు వాచిన ఎలుకలను ఎంపిక చేసి, అప్పటి నుంచి మందు ఇచ్చే మరొక వర్గాన్ని ప్రయోగంలో చేర్చడానికి అయ్యే అదనపు ఖర్చు ఎనిమిదో పదో ఎలుకలు, మూడు వారాల మేత. రక్తరసంలో కొల్లాజెన్ ప్రతిరక్షకాల కొలత, గ్రంథి కణాల మొత్తం సంఖ్య, కీలు ఎముక ముక్కను సూక్ష్మదర్శినిలో చూసిన అంచనా, ఈ మూడూ పాదం మందం పక్కన ఉంటే సారం ఏ మజిలీలో పనిచేసిందో చదివేవారికి తెలుస్తుంది. అంత చేయలేనప్పుడు రేఖాచిత్రం అడుగు గీత మీద, మందు మొదలైన రోజు దగ్గర ఒక చిన్న బాణం గుర్తు, కీళ్లు వాచిన రోజు దగ్గర మరొకటి గీయడానికి ఖర్చేమీ లేదు.